తొమ్మిది అడుగుల తేడా

ఆస్తిపన్ను గుమాస్తా టేపు రెండోసారి పట్టాడు. బయట నలభై అడుగులున్న ఇల్లు లోపల ముప్పై ఒకటే వచ్చింది. పక్కింట్లోంచి కాబోలు, కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

ఈ తేడా ఆ వీధిలో కొత్తదేం కాదు. దుకాణం గదికి మూడింతల పన్ను వేశాక, జనం ముందుగదులు లెక్కలోకి రాకుండా వాటికి ఇటూ అటూ గోడలు కట్టి మూసేశారు. పన్ను వేసిన పెద్దల తెలివి తెల్లారినట్టే ఉంది: రాబడి పడిపోయింది, వీధిదీపాలు ఆరిపోయాయి, మిగిలినవాళ్లకు గోరుచుట్టు మీద రోకటిపోటులా పన్ను మళ్లీ పెరిగింది.

"ఇక్కడ కుట్టు దుకాణం ఉండేది కదమ్మా?" అని ఆ ఇంటి కోడలిని అడిగాడు.

"మా అత్తయ్యదండీ. మూసి రెండేళ్లయింది. కుట్టడం మానలేను, పన్ను కట్టలేను అని ఒకటే గోల పెట్టేది."

"ఆవిడేరీ?"

కోడలు గోడవైపు చూసింది.

గుమాస్తా గోడ తడిమాడు. ఇటుకల సందుల్లోంచి సిమెంటు ముద్దలుగా ఇవతలికి పొంగి గట్టిపడింది. మేస్త్రి తాను నిలబడ్డ వైపు తాపీతో నున్నగా గీసేస్తాడు. పొంగేది అవతలి వైపే. ముప్పై ఏళ్లుగా గోడలు కొలిచేవాడికి ఆమాత్రం తెలియదూ!

"ఈ గోడ... లోపలి నుంచి కట్టారా అమ్మా?"

"మెల్లిగా అనండి బాబూ," అంది కోడలు. "ఆవిడ వింటుంది."

కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

గుమాస్తా పుస్తకం తెరిచి, 'ముప్పై ఒకటి' అని రాశాడు.

మిషను మళ్లీ మొదలైంది.