కాలు జారిందని చెప్పు

మా బాక్సింగ్ జిమ్‌లో ఎవరికీ స్పృహ తప్పదు. కాలు జారుతుంది, అంతే. స్పృహ తప్పిందని కాగితం మీద పడితే నెల రోజులు రింగ్ ఎక్కనివ్వరు మరి. అందుకే నా దగ్గర చేరిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మొదటి రోజే ఆ మాట నూరిపోస్తాను. పదహారేళ్ళ నా కూతురికీ అదే నేర్పాను.

ఫైనల్ రోజు పొద్దున స్టేడియం వరండాలో మంచం వేసి, ఆటగాళ్ళకు ఉచితంగా గుండె పరీక్షలన్నారు. ఆడుతూ ఆడుతూ పిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోతున్నారట. అక్కడి నర్సు గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది. నా కూతురికి వైర్లు తగిలించి, "ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డావామ్మా?" అని అడిగింది.

అది నావైపు చూసింది. "లేదండీ. ఓసారి కాలు జారింది."

నిజానికి రెండుసార్లు పడింది. రెండుసార్లూ స్కిప్పింగ్ చేస్తూ, ఎవరూ ముట్టుకోకుండానే. బద్ధకం అనుకున్నాను.

యంత్రం కక్కిన కాగితం చూసి నర్సు మొహం మారిపోయింది. "గుండె కొట్టుకోవడంలో తేడా ఉంది. డాక్టరుగారు చూసేదాకా పాపని ఆడించకండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని తయారుచేశాను. నువ్వు కాగితం చూసి ఆపేస్తావా?"

"ప్రాణం పోతుందండీ, చెప్తుంటే వినరే!"

కాగితం లాక్కుని చింపేశాను. నర్సు అడ్డం వస్తే తోశాను. బల్ల అంచు తగిలి ఆమె పెదవి చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూ నిర్వాహకుల కోసం పరుగెత్తింది. ఈలోగా మా పోటీకి పిలిచారు. నా చేతులతో నేనే దానికి గ్లవ్స్ కట్టాను.

"నాన్నా, ఛాతీలో అదోలా ఉంది."

"భయమే అది. పద."

మొదటి నిమిషంలోనే నా కూతురు ఎదుటిపిల్ల ముక్కు పగలగొట్టింది. నెత్తురు నా చొక్కా మీద చిందింది. "వదలకే, చంపెయ్!" అని కేకలు పెట్టాను. అది కుడిచెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బోర్లా పడిపోయింది. ఎదుటిపిల్ల రెండు బారల దూరంలో ఉంది.

"లేవవే!" అంటూ రింగులోకి దూకి తిప్పాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వాచిన మూతితోనే నర్సు గుండెకి షాకిచ్చే పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఇదివరకూ పడిందమ్మా," అన్నాను. "నేనే అబద్ధం చెప్పించాను, పాపిష్టివాణ్ణి!"

"తర్వాత ఏడుద్దురుగానీ, ఛాతీ నొక్కండి! నేను పెట్టె వైర్లు తగిలిస్తాను. ఇంకా గట్టిగా!"

నొక్కాను. నా అరచేతుల కింద ఎముక టప్‌మంది.

"విరిగిందమ్మా!"

"విరగనీ! ఆపారంటే పిల్ల దక్కదు!"

నా బిడ్డ పక్కటెముకలు నేనే విరగ్గొడుతూ నొక్కాను. "చేతులు తీయండి!" అంది నర్సు. షాక్‌కి ఒళ్ళు ఎగిరిపడింది. మళ్ళీ నొక్కమంది. చెమటో కన్నీళ్ళో, నాకేమీ కనపడలేదు. ఎంతసేపో తెలియదు, కింద నుంచి మూలుగు వినిపించింది. బతికింది, తల్లీ, బతికింది!

నా కూతురు కళ్ళు తెరిచి, తన మీద ఉన్న నన్ను చూసింది. రెండు గ్లవ్స్‌నూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కొట్టకు నాన్నా. లేస్తున్నాను."