ఐదో మజిలీ: ఇనుప మూత్రశాల

ఆదివారం పొద్దున నేను టీ తాగను. ఆరేళ్ళుగా ఇదే వరస. మంచినీళ్ళు కూడా ముట్టను. నాలుక అంగిట్లో అంటుకుపోతూ ఉంటే ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, మా ఆయన కెల్విన్ సిపాయి కోటు మడతలు తీస్తాను. ఆ కోటు కుట్టింది నేనే. దాని ఇత్తడి బొత్తాలు తోమేదీ నేనే. పదింటికి మేమిద్దరం ఇక్కడ బంగారం పడిన పాతరోజుల వేషాలు కట్టుకుని రైల్వే స్టేషన్ ముందు నిలబడతాం. మెల్బోర్న్ బండి దిగిన జనాన్ని వెంటేసుకుని మా కారిక్‌టన్ ఊరంతా నడిపించి, ఎక్కడ ఎంత బంగారం తవ్వారో, ఎవడు రాత్రికి రాత్రి దొర అయిపోయాడో చెప్తాం. చెప్పేది కెల్విన్. నేను వెనక నడుస్తాను. కరపత్రంలో అతని వేషానికి ఒక పేరుంది, సార్జెంట్ హాలొరన్ అని. నా వేషానికి పేరు లేదు. ‘గని కార్మికుడి భార్య’ అని వేశారు.

వారసత్వ నడక సంఘానికి కెల్విన్ అధ్యక్షుడు. నేను సహాయకురాలిని. అంటే సంఘంలో ఆరుగురి వేషాలూ కుట్టడం, ఉతకడం, నడకకి వస్తామని ఫోన్ చేసినవాళ్ళ పేర్లు రాసుకోవడం, నడక అయ్యాక అందరికీ జామూ మీగడా పెట్టి స్కోన్ రొట్టెలు పంచడం. సంవత్సరాంతపు సమావేశంలో ఒకసారి నాకు చప్పట్లు కొట్టారు, అది నిజం. చప్పట్లయ్యాక కప్పులు కడిగింది కూడా నేనే.

నడక రెండున్నర గంటలు. పదకొండు మజిలీలు. మధ్యలో ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు. స్టేషన్‌లో ఒకటుంది గానీ బండి ఆగీ ఆగకముందే కెల్విన్ గంట వాయించి ఉపన్యాసం మొదలుపెట్టేస్తాడు, ఇంక ఎవరు కదులుతారు? పార్కు వెనక ఇంకోటుంది. దాని ఆడవాళ్ళ వైపు తలుపుకి ఏడాదిగా తాళం. ‘మరమ్మతులు. దయచేసి గ్రంథాలయంలోవి వాడుకోండి’ అని కాగితం అంటించారు. ఆదివారం గ్రంథాలయం తీయరు. బేకరీలో అడిగితే ముందు ఏం కొన్నావని చూస్తారు, తర్వాత తాళంచెవి ఇస్తారు. ఎవరూ జేబులో వేసుకుపోకుండా దాన్ని అప్పడాల కర్రంత కర్రకి కట్టారు. ఆ కర్ర పట్టుకుని వీధి దాటి వెనక సందులోకి వెళ్తున్న మనిషి ఎక్కడికి వెళ్తోందో ఊరంతటికీ తెలుస్తుంది. మూల మీద హోటల్లో అయితే తాగే గది మధ్యలోంచి వెళ్ళాలి. అక్కడి మగవాళ్ళు గ్లాసులు దించి మరీ దారిస్తారు, ఆ దారి ఎవడికి కావాలి!

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. నడకలో ఏ ఆడమనిషైనా చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగితే చెప్పి పంపుతాను. కెల్విన్ అది చూసి అందరికీ వినబడేలా అంటాడు: “మా నోలీకి ఈ ఊళ్ళో బంగారం ఎక్కడ పడిందో తెలీదు గానీ, టాయిలెట్లు ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పేస్తుందండోయ్!” జనం నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. సిగ్గులేకుండా ఆరేళ్ళు నవ్వాను.

నిజానికి ఈ విద్య నాకు ఈ నడకతో రాలేదు. పెళ్ళయిన కొత్తలో కారులో బయల్దేరితే కెల్విన్ ఎక్కడ పడితే అక్కడ ఆపి, యూకలిప్టస్ చెట్టు వెనక్కి వెళ్ళొచ్చి, చేతులు దులుపుకుని స్టీరింగ్ పట్టుకునేవాడు. నేను అడిగితే “ఇప్పుడే కదా ఆపాను, నువ్వూ వెళ్ళాల్సింది” అనేవాడు. పాములు, లారీలు, వెనక సీట్లో ముగ్గురు పిల్లలు. మా అత్తగారు ఐలీన్ అయితే “మర్యాదగల ఆడవాళ్ళకి బయట ఆ అవసరమే పడదమ్మాయ్” అని కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ అనేది. ఆవిడ చివరి రోజుల్లో ఆవిడ పక్కగుడ్డలు మార్చింది నేనే. అప్పుడొకసారి నా మణికట్టు పట్టుకుని “ప్రయాణం ఉందంటే నేను ముందురోజు నుంచే ఏమీ తాగేదాన్ని కాదు” అంది. ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ పూట ఏమైపోయిందో తెలీదు. పిల్లలు పుట్టకముందు నేను దుప్పట్ల మిల్లులో పనిచేశాను. ముప్ఫై మంది ఆడవాళ్ళం, మేస్త్రీ బల్ల మీద మేకుకి ఒకటే చెక్కబిళ్ళ. బిళ్ళ ఉంటేనే టాయిలెట్‌కి వెళ్ళాలి. పెద్దగొంతుతో అడిగి తీసుకోవాలి. అడిగినప్పుడల్లా గోడ గడియారం చూసేవాడు, దరిద్రుడు. అడగడం కన్నా ఆపుకోవడం సుఖం అనిపించేది. అలా అలవాటైంది.

అలవాటు ఊరికే పోదు. కిందటేడు రెండుసార్లు ఆస్పత్రిలో పడ్డాను. మూత్రంలో మొదలైన చీము కిడ్నీ దాకా పాకింది. రెండోసారి డాక్టరమ్మ నా మంచం మీదే కూర్చుని చెప్పింది. “చూడండి నోలీన్, ఎడమ కిడ్నీ ఇప్పటికే సగం పాడైంది. మూడోసారి వస్తే ఇక దక్కదు. నీళ్ళు తాగండి. వచ్చినప్పుడు వెళ్ళండి. నేను చెప్పేది ఈ రెండే.” అరవై మూడేళ్ళ మనిషికి చెప్పాల్సిన మాటలా ఇవి? నాకు ఏడుపొచ్చింది. ఇంటికొస్తూ కారులో కెల్విన్ “డాక్టర్లకేం, చెప్తారు. తాగు, ఎవరొద్దన్నారు? ఆదివారాలు మాత్రం కాస్త చూసుకో” అన్నాడు.

సంఘం సమావేశంలో నేనే లేచి అడిగాను. అయిదో మజిలీ తర్వాత ఒక్క పది నిమిషాలు ఆగుదాం, ఆడవాళ్ళు హోటలుకి వెళ్ళొస్తారు, హోటలువాళ్ళతో నేను మాట్లాడతాను అని. కెల్విన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నోలీ, ఇది చరిత్ర నడక. టాయిలెట్ల నడక కాదు.” అందరూ నవ్వారు. కార్యదర్శి పుస్తకంలో ‘విషయం చర్చించబడింది’ అని రాశాడు. ఆ రాత్రి నేను కెల్విన్‌తో మాట్లాడలేదు. అతను గమనించలేదు.

మొన్న ఆదివారం ఇస్త్రీ అయ్యాక పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని అతని ఎదురుగానే తాగాను. ఇంకో గ్లాసు పట్టుకున్నాను.

“ఏంటి ఈ సాహసం?” అన్నాడు.

“దాహమేస్తోంది.”

“తర్వాత నన్ననకు మరి.”

“అనను” అన్నాను. రెండో గ్లాసు కూడా తాగాను. భయమేసింది, అబద్ధమెందుకు. మంచినీళ్ళు తాగడానికి భయమేమిటని నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఆ రోజు పద్నాలుగు మంది వచ్చారు. తొమ్మిది మంది ఆడవాళ్ళు, అయిదుగురు మగవాళ్ళు. వాళ్ళలో ఫే అనే ఒక పెద్దావిడ ఉంది. గొర్రెల పెంపకం ఊరి నుంచి వచ్చింది, డెబ్భై దాటి ఉంటాయి, వెడల్పాటి టోపీ, ప్యాంటు, బూట్లు. గొంతు కూడా మందని అదిలించే గొంతే. నాలుగో మజిలీలో కెల్విన్ ఏదో బంగారు ముద్ద బరువు చెప్తుంటే, “అది తీసుకెళ్ళి పెళ్ళానికిచ్చాడా, తాగేశాడా?” అని అడిగేసింది. కెల్విన్‌కి నచ్చలేదు. నాకు నచ్చింది.

అయిదో మజిలీ ఇనుప మూత్రశాల. పెద్ద వీధి మధ్యలో ఉంటుంది. బంగారం డబ్బు పొంగినప్పుడు మగవాళ్ళ కోసం కట్టింది. ఆకులూ తీగలూ పోతపోసిన ఇనుప గోడలు, పైన కప్పులేదు, లోపల ఒక గోడ వారన కాలవలో ఇప్పటికీ నీళ్ళు పారుతుంటాయి. దాన్ని కాపాడాలని సంఘం ఉత్తరాలు రాసి రాసి ఆకుపచ్చ రంగు వేయించింది. గోడ మీద ఇత్తడి ఫలకం. “చూడండి, నూట నలభై ఏళ్ళుగా సెలవు పెట్టకుండా పనిచేస్తున్న ప్రభుత్వోద్యోగి ఈ ఊళ్ళో ఇదొక్కటే!” అంటాడు కెల్విన్. మగవాళ్ళు నవ్వి, ఫోటోలు దిగి, ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్తారు. చరిత్రని వాడుకుంటారు! భార్యలు వాళ్ళ సంచులూ కోట్లూ పట్టుకుని ఎండలో నిలబడతారు. చివర్న కెల్విన్ తన టోపీ, కత్తి నా చేతికిచ్చి తనూ వెళ్ళొస్తాడు. ప్రతి ఆదివారం ఇంతే.

అయిదుగురూ వెళ్ళొచ్చారు. కెల్విన్ టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. కత్తి విప్పుతున్నాడు. అప్పుడు ఫే అడిగింది.

“బాగుందయ్యా. మాదెక్కడ?”

కెల్విన్ దగ్గర దీనికి ఎప్పుడూ ఒకటే జవాబు. చెప్పాడు. “ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఆ అవసరం రాలేదమ్మా. వాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు.”

నా పొత్తికడుపు అప్పటికే రాయైపోయింది. నడుము ఎడమ పక్క సన్నగా పోటు మొదలైంది. ఆ పోటు నాకు తెలుసు, అది ఎక్కడికి తీసుకెళ్తుందో తెలుసు. ఇంకా ఆరు మజిలీలు, గంటన్నర. ఆపుకుంటే కిడ్నీ పోతుంది, అడిగితే అతను నవ్వుతాడు. ఇంతేనా నా బతుకు అనిపించింది. ఈ మనిషి చెప్పే చరిత్రలో నాకు పేరు లేదు సరే, ఒంట్లో మూత్రపు సంచి కూడా లేదంటున్నాడు!

“అబద్ధం” అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. ఆరేళ్ళలో ఆ నడకలో నా గొంతు వినబడటం అదే మొదలు.

“ఎవరూ ఇళ్ళ దగ్గర లేరు. గుడ్డ డేరాల్లో ఇళ్ళెక్కడివి? ఈ వీధిలోనే బట్టలుతికారు, రొట్టెలమ్మారు, మొగుళ్ళ పక్కన మట్టి జల్లించారు, పిల్లల్ని కన్నారు. వాళ్ళకీ వచ్చేది. ఎలా వెళ్ళేవాళ్ళో నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ బట్టలు వాళ్ళు కుట్టినట్టే కుట్టాను.” గౌను మీద చెయ్యేసి చూపించాను. “ఈ లంగాలో ఉక్కు చుట్టలున్నాయి, గుడ్డ కాళ్ళకి తగలదు. లోపల లాగుకి మధ్యలో కుట్టు ఉండదు. ఎక్కడైనా నిలబడి కానిచ్చేయొచ్చు. కాలవ దొరికితే చాలు. ఇది చరిత్రే, కెల్విన్. నువ్వడిగితే చెప్పేదాన్ని.”

“నోలీ!” అన్నాడు పళ్ళ మధ్యనుంచి. “ఏమిటీ మాటలు? పరువు తీస్తున్నావ్.”

“ఎవరిది?”

“సరే, సరే. అంత అర్జెంటయితే పద, నేను తీసుకెళ్తాను.”

“ఎక్కడికి?” అన్నాను.

వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, ఏ గని ఎన్ని అడుగుల లోతో చెప్పగలడు. ఆడవాళ్ళ టాయిలెట్ ఒక్కటి కూడా అతనికి తెలీదు, సమావేశంలో నేను చెప్పిన హోటలు కూడా గుర్తు లేదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పాపం అనిపించాలి గానీ, అనిపించలేదు.

టోపీ అతని నెత్తిన పెట్టేశాను. ఇనుప గదిలోకి నడిచాను.

లోపల చల్లగా ఉంది. పైన ఆకాశం, అంచు మీద ఒక మాగ్‌పై పిట్ట కూర్చుని చూస్తోంది. కాలవ వారన నిలబడి కళ్ళు మూసుకున్నాను. లంగా చుక్క తడవలేదు. నడుములో పోటు మెల్లగా జారిపోతుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, గట్టిగానే నవ్వాను. బయట ఆ నవ్వు వినబడి ఎవరో చప్పట్లు కొట్టారు.

“అమ్మాయ్, నీకు బాగానే ఉంది!” ఫే కేక. “ప్యాంటు వేసుకున్నదాన్ని, నా సంగతేంటి?”

అక్కడే నడుము ముడి విప్పి ఉక్కు చుట్టల లంగా తీసేశాను. గౌను కింద ఇంకా రెండు పావడాలున్నాయి, నాకేం లోటు లేదు. గుమ్మంలోకొచ్చి లంగా ఫేకి అందించాను. “ప్యాంటు మీదే తొడుక్కోండి. లోపలికెళ్ళాక కిందవి దించుకుని కూర్చోండి. డేరాలో ఉన్నట్టుంటుంది, ఎవరికీ ఏమీ కనపడదు.”

“ఓరి దేవుడా” అంటూ తొడుక్కుంది. బూట్లతో, టోపీతో, డేరా కట్టుకుని లోపలికి నడిచింది. తన చేతిసంచి భర్త మెడలో వేసి వెళ్ళింది. ఆయన మంచివాడో, భయస్తుడో, అలాగే నిలబడ్డాడు. అది చూసి మిగతా ఆడవాళ్ళు చేతుల్లో ఉన్న కోట్లూ సంచులూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళలో ఇద్దరు టీచర్లు ముందుగా వరసలో నిలబడ్డారు. వాళ్ళ వెనక మెల్బోర్న్ నుంచి వచ్చిన తల్లీ కూతుళ్ళు. తల్లి మొహం ఎర్రబడింది గానీ కదల్లేదు. “నేను పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదండీ” అంది నాతో, తప్పు ఒప్పుకున్నట్టు. ఆవిడ భుజం మీద చెయ్యేశాను. ఇంతలో ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముసలమ్మలు “ఏం జరుగుతోందిక్కడ?” అని రోడ్డు దాటి వచ్చి, విని, తామూ వరసలో నిలబడ్డారు. ఒకావిడ “పార్కులోది ఏడాదిగా మూసేశారు, పట్టించుకున్నవాడు లేడు” అని నాకు వివరిస్తోంది. నాకు వివరిస్తోంది!

“వచ్చే ఆదివారం నుంచి ఈ మజిలీ నేను చెప్తాను” అన్నాను కెల్విన్‌తో. “ఒప్పుకోకపోతే స్టేషన్ దగ్గర నా గంట నేను వాయించుకుంటాను. వచ్చేవాళ్ళు నా వెనక వస్తారు.”

అతని మొహం కందగడ్డలా ఉంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు. సగం విప్పిన కత్తి నడుముకి వేలాడుతోంది. చివరికి ఫే బయటికొచ్చి లంగా విప్పుతుంటే, ఆవిడని దాటుకుని గుమ్మం వైపు అడుగేశాడు.

“నోలీ, జరుగు. నేను ఇంకా వెళ్ళలేదు.”

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఆడవాళ్ళున్నారు, కెల్విన్. వెళ్ళి ఆ ముసలమ్మల వెనక నిలబడు.”