నూకరత్నం చెప్పిన పేరు

ఇరవై రెండేళ్ల కాపురంలో నా భార్య నూకరత్నం నా పేరు ఒక్కసారే పలికింది. మరదలి పెళ్లిలో కొత్త జంటను గడప దగ్గర ఆపి పేర్లు చెప్పించేటప్పుడు ఆడవాళ్లు ఆమెనూ వదల్లేదు. నేను భోజనాల దగ్గర ఉన్నాను. వినలేదు. ఎవరో టేపులో పట్టారు.

ఆమె పోయాక అనకాపల్లిలో కంప్యూటర్ షాపు బాబ్జి దాన్ని సీడీ చేశాడు. టేపు అక్కడే నలిగి తెగింది. సంవత్సరీకం నాడు వింటానని సీడీ దాచాను. ఆ రోజు ఫొటోతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాను, మెరిసే వైపు. తర్వాత ఇత్తడి చెంబు తోమినట్టు బూడిదతో తోమాను. పెట్టి వింటే, సరిగ్గా పేరు చెప్పే చోటే మాట ఎగిరిపోయింది.

మర్నాడు బాబ్జి దగ్గరికి వెళ్లాను.

"సీడీకి బొట్టెట్టేవేటి మామా? ఇదేటి కొత్త బండా?"

నేను నవ్వలేదు. అతని కాపీ కూడా లేదట, కంప్యూటర్ మధ్యలో చెడిపోయిందట. ప్లేయర్ సెట్టింగులు తెరిచి చూపించాడు. సీడీలోది ముందుగా చదివి హార్డ్‌డిస్కులో దాచుకునే చోటు ఒకటి ఉందని, దాన్ని కేష్ అంటారని, అది రెండు సెకన్లకే ఉందని చెప్పాడు. మొత్తం రికార్డింగుకు పెంచితే గీతల మీద మళ్లీ మళ్లీ చదివి ఏరుకుంటుందట. పెంచాడు. సీడీ పావుగంట గరగరలాడింది.

తర్వాత వచ్చింది. ఆడవాళ్ల వేళాకోళం, గాజుల చప్పుడు, ఆమె కాదు కాదనడం.

"ఎర్రయ్యగారు."

గారు కూడా పెట్టింది. ఊళ్లో నన్నెవరూ అలా పిలవరు.

బాబ్జి సంతోషంగా ప్లేయర్ మూశాడు. అలా దాచిన రికార్డింగును వేరే సీడీకి ఎక్కిద్దామని వెతికాడు. లేదు. సెట్టింగులు మళ్లీ తెరిచి, ఒక గడి మీద వేలు పెట్టాడు.

"మూసేటప్పుడు తుడిచెయ్యమని టిక్కుంది మామా. నేను సూడనేదు."

సీడీ మళ్లీ పెట్టాడు. నాలుగుసార్లు పెట్టాడు. ఈసారి కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలేదు. తప్పయిపోయిందన్నాడు. పరవాలేదు అనే మాట నా నోట రాదు. ఆమెకే అనలేదు, వీడికెందుకు అంటాను? బూడిద పెట్టి తోమిన నన్నూ నేను క్షమించను.

ఇంటికి తిరిగొచ్చే రోలుగుంట బస్సులో ఆ పేరు ఆమెలా పలుకుదామని చూశాను. నా గొంతే వచ్చింది.