ఫ్లెక్సీ మీద భవ్య

"ఇంకోసారి చెప్పు," అంది పద్మజ.

లక్ష్మీతిరుపతమ్మ గోడకు ఆనుకుని, నేలకేసి చూస్తూ అప్పగించింది. "నాకు తెలివి లేక నా బిడ్డని కట్టేసేదాన్ని. మేడంగారొచ్చి కౌన్సిలింగ్ ఇచ్చినాక మారినాను. మా బట్టీల కాడ కౌన్సిలింగ్ సెంటర్ పెట్టాల సార్."

"చివర్లో చేతులు జోడించు. ఏడుపొస్తే తుడుచుకోవద్దు, అలాగే ఉండనీ."

నరసరావుపేటలో ఆ ఏసీ ఫంక్షన్ హాలు వరండాలో పొద్దున ఎనిమిదింటికి కూర్చోబెట్టారు వాళ్లని. పదకొండయింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి వచ్చిన పన్నెండుమంది ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. తిరుపతమ్మ కూతురు భవ్య ఆకలికి తల్లి కొంగు నములుతోంది. వాళ్ల ముందు నుంచే జీడిపప్పు ప్లేట్లు లోపలికి వెళ్తున్నాయి.

"లోపల చల్లగా ఉందంటనే," అంది వెంకాయమ్మ. "పేదోళ్ల గురించి మాట్టాడేటప్పుడు చెమట పట్టగూడదంట."

ఆడవాళ్లు నవ్వారు. రాఘవమ్మ నవ్వలేదు. వీళ్లని కూడగట్టి తెచ్చింది తనే.

బట్టీల ఎదుట ఆమెకు టీ బంకుంది. పదహారేళ్లుగా ఆ వరసలో ఎవరి ఇంట్లో ఏం జరిగినా ముందు ఆమె చెవిన పడుతుంది. అందుకే పొదరిల్లు కుటుంబ సేవా సమితి పద్మజ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. మీటింగుకు వస్తే మనిషికి మూడొందలిస్తామంది. బట్టీలో కూలి నాలుగొందల యాభై. వెనకాడిన వాళ్లకు రాఘవమ్మే నచ్చజెప్పింది. "నూటయాభై పోతే పోయింది. బట్టీల కాడికి అంగన్‌వాడీ వచ్చిందనుకో, పిల్లల కోసం మానుకునే పన్లన్నీ మిగిలినట్టేగా. ఏది లాభమో మీరే లెక్కేసుకోండి."

వాళ్లు అడిగింది అదొక్కటే. ఊళ్లో ఉన్న అంగన్‌వాడీ మూడు కిలోమీటర్లు, అదీ నాలుగు కొట్టకముందే మూసేస్తారు. బట్టీ పని దిగేసరికి ఆరు. ఎటు చూసినా సున్నం గుట్టలు. పొడి సున్నం కంట్లో పడి బిడ్డ ఏడ్చిందంటే, ఆ కన్నీళ్లకే సున్నం ఉడుకుతుంది. అట్లా చూపు పోయిన పిల్లలు ఆ వరసలో ఇద్దరున్నారు. అందుకని తల్లులు పనెక్కే ముందు పిల్లల్ని రాఘవమ్మ బంకు దగ్గర వదులుతారు. ఆమె పాత చీర ముక్క నడుముకు చుట్టి గుంజకు కడుతుంది. నీడ దాకా పోనిచ్చేంత పొడవు, గుట్ట దాకా పోనివ్వనంత పొట్టి.

మూడు నెలల క్రితం పద్మజ ఆ బంకులోనే టీ తాగుతూ ఫోన్లో ఫొటోలు తీసుకుంది. "మీ గొంతు గవర్నమెంటు దాకా తీసుకెళ్తాం," అంది.

ఇప్పుడు రాఘవమ్మ ఆమెను పక్కకు పిలిచింది. "అదేంది మేడం, మేమడిగింది అంగన్‌వాడీ గదా?"

"అది డిపార్ట్‌మెంట్ వాళ్లు నడుపుతారు రాఘవమ్మగారూ, మాకివ్వరు. కౌన్సిలింగ్ సెంటరయితే మా సంస్థకే శాంక్షనవుతుంది. ముందు ఒకటి రానీయండి, మీది తర్వాత అడుగుదాం."

రాఘవమ్మకు అర్థమైంది. ముందు చూపించిన సరుకు వేరు, ఇప్పుడు తూచి పోస్తున్నది వేరు. మిర్చి యార్డులో దళారీలను ఆమె చూసింది. వాళ్లూ తినేవాళ్లే. కానీ ఏ దళారీ రైతు బిడ్డను బస్తా మీద నిలబెట్టి బేరం చెయ్యడు.

అయినా ఏదీ రాకపోవడం కంటే ఏదో ఒకటి నయమనుకుంది. "చెప్పెయ్యే తిరపతమ్మా. మాటేగా, అరిగిపోయిద్దా?"

"నాకు తెలివి లేదని నేనే చెప్పాలా అత్తా?"

రాఘవమ్మ వంగి భవ్య నోట్లోంచి తడిసిన కొంగు లాగింది.

లోపలికి పిలిచారు. గుమ్మం దాటగానే తిరుపతమ్మ ఆగిపోయింది. స్టేజీ వెనక గోడంతా ఒకటే ఫ్లెక్సీ. దాని మీద భవ్య. చీమిడి ముక్కు, తెరిచిన నోరు, నడుముకు చీర ముక్క. వెనకున్న సున్నం గుట్టను బొమ్మలోంచి కోసేశారు. కట్టు మాత్రం మిగిల్చారు. కింద పెద్ద అక్షరాలు: 'కన్నతల్లే కట్టేసింది. పేదరికం కన్నా పెద్ద జబ్బు అవగాహన లేకపోవడం.'

తన బంకు గుంజ, తను వేసిన ముడి. రాఘవమ్మ చూడగానే గుర్తుపట్టింది.

సమితి డైరెక్టర్ గోపీనాథ్ మైకు ముందున్నాడు. "చైల్డ్ పావర్టీ అనేది డబ్బు సమస్య కాదు సార్, పేరెంటింగ్ సమస్య. వీళ్లకు కూలి పెంచినా, బియ్యమిచ్చినా మార్పు రాదు. మైండ్‌సెట్ మారాలి." ముందు వరసలో కూర్చున్న బట్టీల ఓనర్లిద్దరూ తలలూపారు. హాలు అద్దె వాళ్లే కట్టారు. స్టేజీ మీద రాజధాని నుంచి వచ్చిన ఆఫీసరు రాసుకుంటున్నాడు. "ఈ తల్లి మాటల్లోనే వినండి సార్."

మైకు తిరుపతమ్మ చేతికొచ్చింది. ఆమె ఫ్లెక్సీని చూస్తోంది.

"నువ్వేనా కట్టేసింది?" ఆఫీసరు అడిగాడు. "అది నేరం, తెలుసా? బిడ్డను తీసుకెళ్లి హోమ్‌లో పెట్టాల్సొస్తుంది."

తిరుపతమ్మ భవ్యను రెండు చేతులా గుండెకు అదుముకుంది. మైకు కింద పడి కీచుమంది.

"అందుకే సార్, మన సెంటర్..." అన్నాడు గోపీనాథ్.

"కట్టింది నేనండీ." రాఘవమ్మ లేచి నిలబడింది. తను లేస్తానని ఆమే అనుకోలేదు. "ఆ గుంజ నా బంకుది. కట్టకపోతే సున్నంలో పడిద్ది. ఆ బొమ్మలో గుట్ట కోసేశారు, చూడండి. మేం సెంటరడగలా. బిడ్డల్ని చూసే అంగన్‌వాడీ అడిగాం, బట్టీల కాడ, సాయంత్రం ఆరుదాకా. వీళ్లకి దాంట్లో మిగలదంట."

"కూర్చోండి రాఘవమ్మగారూ, మీ టైం రాలేదు," అన్నాడు గోపీనాథ్ నవ్వుతూనే. ఆ నవ్వు చూస్తే ఆమెకు చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఫైలు ఇవాళ పైకి పంపాలమ్మా. ఈ సెంటర్ వద్దంటే ఈ ఏడాది మీకింకేదీ రాదు. ఆలోచించుకుని చెప్పండి."

రాఘవమ్మ తిరుపతమ్మ వంక చూసింది. ఈసారి సలహా చెప్పలేదు.

"రాకపోతే మానె," అంది తిరుపతమ్మ. "నా బిడ్డ బొమ్మ దించండి."

ఎవరూ కదల్లేదు. ఆమే స్టేజీ ఎక్కింది, భవ్యను చంకలో పెట్టుకునే. ఒక మూల నైలాను తాడు ముడి పంటితో లాగింది. ఫ్లెక్సీ సగం జారి వేలాడింది. రెండో మూలకు నడిచింది. అక్కడ ముడి బిగుసుకుపోయింది.

పద్మజ అలవాటు కొద్దీ ఫోను పైకెత్తింది.

"తియ్యి, తియ్యి," అన్నాడు గోపీనాథ్ గొంతు తగ్గించి. "ఇది కూడా పనికొస్తుంది."

రాఘవమ్మ వెళ్లి ఆ ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. పద్మజ అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. వెనక తిరుపతమ్మ ఇంకా ఆ ముడితో పెనుగులాడుతూనే ఉంది.