నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

వీరవేణి భర్త బ్యాగు సర్దుతోంది. ఆవకాయ సీసాను కవరులో చుట్టి, ఆ పైన పాత లుంగీలో చుట్టి అడుగున పెట్టింది. దానిమీద కొబ్బరి లౌజు డబ్బా. మస్కట్‌లో డ్రైవరు పని, రెండేళ్ళ కాంట్రాక్టు. వీధిలో కారు వచ్చి ఆగింది.

"వేణీ, చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురు రావే. నేను రాకూడదు కదా," అంది అత్తగారు సుబ్బమ్మ గదిలోంచి. భర్త పోయిన మనిషి కనుక, కొడుకు ప్రయాణానికి ఆమె చాటునే ఉండిపోయింది.

వీరవేణి ఎదురు వచ్చింది. కుడిచేతిలో చెంబు. ఎడమచెయ్యి నోటికి అడ్డం.

"ఆ చెయ్యి తీసి ఒక్కసారి నవ్వవే," అన్నాడు నాగదుర్గాప్రసాద్.

"వెళ్ళిరండి. కారతను చూస్తున్నాడు."

"చూస్తే చూడనీ. మళ్ళీ రెండేళ్ళు!"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను బ్యాగు అందుకుని కారెక్కాడు.

ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. వీరవేణి అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టులో పని చేస్తుంది. లారీ నిండేదాకా అక్కడ టీ వస్తూనే ఉంటుంది. గ్లాసు పక్కన పెట్టుకుని గుక్క గుక్కా తాగుతూ పని చేసుకోవడం అందరికీ అలవాటు. పళ్ళ మీద మరక మెల్లగా పట్టింది. ఒకరోజు అన్నాల దగ్గర ఆమె పకపకా నవ్వితే, "నీ ఇల్లు బంగారంగానూ! పళ్ళా అవి, కొబ్బరి పెంకులా?" అన్నాడు భర్త. ప్రేమగానే అన్నాడు. తెల్లారేసరికి మరిచిపోయాడు. ఆమె మరవలేదు.

అతను వెళ్ళిన మర్నాటి నుంచి నిమ్మచెక్క మీద ఉప్పు వేసి పళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. అతను వచ్చేసరికి తెల్లబడాలని పట్టుదల. వీడియో కాల్ వస్తే ఫోను పెరట్లోకి తిప్పేసేది.

"కొబ్బరిచెట్టుతో కబుర్లాడ్డానికా ఫోను చేసింది? మొహం చూపించవే!"

"వచ్చేక చూద్దురుగాని లెండి."

ఏడాది దాటేసరికి మంచినీళ్ళు తగిలినా పళ్ళు జివ్వుమనేవి. రంగు ఇంకా పచ్చబడింది. సుబ్బమ్మ భయపడి అమలాపురంలో పళ్ళ డాక్టరు సూర్యకుమారిగారి దగ్గరికి తీసుకువెళ్ళింది.

"క్లీనింగు చేయిస్తే పళ్ళు కదిలిపోతాయంటారు కదండీ?" అని అడిగింది ముందుగానే.

"కదలవు పిన్నిగారూ. మరక పైపైదే, ఈ పూటే తీసేస్తాను. అసలు నష్టం చేసింది నిమ్మకాయ. పులుపు పంటి పొరని తినేస్తుంది, అరిగిన పొర మళ్ళీ రాదు. చూడమ్మా వేణీ, టీ మానక్కరలేదు. తగ్గించుకో. పూటంతా చప్పరించకుండా ఒక్కసారిగా తాగెయ్. తాగిన వెంటనే గుక్కెడు నీళ్ళు పుక్కిలించు. పొద్దున్నా, పడుకోబోయే ముందూ మెత్తని బ్రష్షుతో తోముకో. నిమ్మరసం, కూల్‌డ్రింకు లాంటివి తాగితే మాత్రం అరగంట ఆగి తోముకోవాలి."

"నీళ్ళేనాండీ?" అంది వీరవేణి. "గుక్కెడు నీళ్ళేనాండీ?"

భర్త వెళ్ళేనాడు ఆమె చేతిలో చెంబెడు నీళ్ళున్నాయి.

డాక్టరు మరక తీసేశాక, ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని నవ్వింది. చెయ్యి పైకి లేవలేదు.

"వాడికి ఇప్పుడే ఫోను చేసి చూపించవే," అంది సుబ్బమ్మ.

"వద్దండీ అత్తయ్యగారూ. ఉగాదికి వచ్చేస్తారు కదండీ. గుమ్మంలో ఎదురెళ్ళి చూపిస్తాను."

ఆ సాయంత్రం ఫోను వచ్చింది. నవ్వు ఆపుకుంటూ మళ్ళీ కొబ్బరిచెట్టునే చూపించింది.

చదివే తల్లులారా, అయ్యలారా! పంటి మీది మరకను నీళ్ళూ బ్రష్షూ దగ్గరికి రానివ్వవు; పట్టిన మరకను డాక్టరు ఒక పూటలో తీసేస్తారు. నిమ్మకాయతో, ఉప్పుతో పళ్ళు పాడుచేసుకోకండి. ఇంట్లో మనిషి నవ్వును వేళాకోళం చెయ్యకండి. తెల్లబడ్డాక నవ్వుదామని ఎవరూ దాచుకోకండి. గుమ్మంలో నిలబడి అడిగినప్పుడే నవ్వండి.

ఇప్పటికీ వీరవేణి టీ తాగగానే చెంబు అందుకుంటుంది. వీధిలో కారు ఆగిన చప్పుడైతే, ఆ చెంబుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది, రెండో చెయ్యి కిందికి వదిలేసి.

నాగదుర్గాప్రసాద్ తిరిగి రాలేదు. ఉగాదికి ముందు శుక్రవారం, మస్కట్ దారిలో బండి బోల్తాపడి చనిపోయాడు.