ముక్కాయన ఊఁ, ఊహూఁ

ఆ రమ్ము కంపెనీలో గేటు కాపలావాడి దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ ఆయన ముక్కాయనే. పీపాల్లో ఏళ్ల తరబడి ఊరిన రమ్ముల్లో ఏది ఎంత కలపాలో తేల్చేది ఆయన ముక్కే మరి. కలిపిన సరుకు చిన్న గ్లాసులో ఆయన ముందుకొస్తుంది. కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. బాగుంటే "ఊఁ", లేకపోతే "ఊహూఁ". ఆ ఊఁ పడందే ఒక్క సీసా కూడా గేటు దాటకూడదని పాత యజమాని పెట్టిన నియమం. ముక్కాయన అన్న ఊఁలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊహూఁలతో గోదాం నింపొచ్చు.

ఇంట్లోనూ అదే తంతు. భార్య కంచం పెట్టీ పెట్టకముందే ముక్కు లేచేది. ఉల్లిపాయ మాడిందనో, నూనె పాతదనో, ఈ కూర నిన్నటిదనో ఏదో ఒక వంక సిద్ధం. "ఆ ముక్కేదో ఆఫీసులోనే పెట్టి రాకూడదూ?" అని ఆవిడ గరిట ఎత్తేది.

ఆవిడ నోటి చలవో ఏమో, ఒక జలుబు వచ్చి, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది.

జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకున్నాడు ముక్కాయన. రాలేదు. సబ్బు వాసన చూశాడు, పెట్రోలు చూశాడు, ఎవరూ చూడకుండా తన మేజోళ్లు కూడా చూశాడు. ఏమీ లేదు. ముక్కు మీద బతికేవాడికి ముక్కు పోయిందని తెలిస్తే, కంపెనీవాళ్లు ఓ గోడ గడియారం చేతిలో పెట్టి గేటు చూపిస్తారు. ఆయనకా, మరో పని రాదు. అందుకని ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

సరిగ్గా అప్పుడే కంపెనీలోకి ట్రెండ్లమ్మ దిగింది. అది ఆవిడ అసలు పేరు కాదు. మార్కెటింగ్ చూడటానికి వచ్చి, నోరు విప్పితే ట్రెండు తప్ప మాట్లాడకపోయేసరికి జనం పెట్టిన పేరు.

"రుచులు మారిపోయాయి సర్," అందావిడ మొదటి మీటింగులోనే, గోడ మీద ఎగుడుదిగుడు గీతలు చూపిస్తూ. "మన రమ్ము తాగేవాళ్లంతా ముసలివాళ్లు. వాళ్లని కూడా డాక్టర్లు మానిపించేస్తున్నారు. కుర్రాళ్లకి ఘాటు వద్దు, నల్ల రంగు వద్దు, మత్తు కూడా మరీ అంత వద్దు."

"అవన్నీ తీసేస్తే రమ్ములో ఇంకేం మిగులుతుందమ్మా?" అన్నాడు ముక్కాయన.

"అనుభవం సర్."

మొదటి అనుభవం కొబ్బరి రుచితో వచ్చింది. ముక్కాయన అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు. గ్లాసులో ఉన్నది రమ్మో కిరసనాయిలో ఆయనకు తెలిస్తే ఒట్టు. ఊహూఁ అంటే ఎందుకని అడుగుతారు. ఊఁ అంటే ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగంలో చేరిన ఇన్నాళ్లకు ఈ సౌకర్యం ఆయనకు తెలిసొచ్చింది.

"ఊఁ," అన్నాడు.

యజమాని ముక్కు మీద వేలేసుకున్నాడు. "మాస్టారు కాలంతో పాటు మారారండోయ్!" అని ఆనందపడిపోయాడు.

ఆ తర్వాత అడ్డూ ఆపూ లేదు. కాఫీ రమ్ము, ఊఁ. తేనె రమ్ము, ఊఁ. బిస్కెట్టు రమ్ము, ఊఁ. రంగు కలపని స్వచ్ఛమైన రమ్ము కావాలంటున్నారని రంగు తీసేశారు. తెల్లగా ఉంటే పాతదనిపించట్లేదంటున్నారని దాన్ని నల్ల సీసాలో పోశారు. దానికీ ఊఁ. ఒక రుచి దుకాణాలకు చేరేసరికి ఆ ట్రెండు పోయి ఇంకొకటి వచ్చేది. అయినా గోడ మీద అమ్మకాల గీత పైకే పోతోంది. ముక్కాయన కళ్లు మూసుకుని ఉన్న ఫోటో ప్రతి లేబులు మీదా వేశారు.

"ఒక్క కంప్లైంటు లేదు సర్," అనేది ట్రెండ్లమ్మ. "కంప్లైంటు లేదంటే నచ్చినట్టే."

అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ సరుకు ఒక్క గుక్కైనా తాగినవాడు లేడు. ట్రెండ్లమ్మ మందు ముట్టదు. యజమానికి కడుపులో పుండు. మిగతావాళ్లు గీతలు చూసి రుచి చెప్పగల ప్రతిభావంతులు.

ఇంట్లోనూ కంప్లైంట్లు ఆగిపోయాయి. పెట్టింది పెట్టినట్టు తిని లేస్తున్నాడు ముక్కాయన. ఆవిడ మొహం చాటంత అయింది. "మీ మరిదిగారు మారిపోయారక్కా! ఏం పెట్టినా కిక్కురుమనకుండా తింటున్నారు," అని ఫోనులో అక్కకు చెప్పుకుని మురిసిపోయింది. కూర కలుపుతూ కూనిరాగాలు కూడా మొదలుపెట్టింది. పక్క గదిలో అవి వింటూ ముక్కాయన పేపరు వెనక మొహం దాచుకునేవాడు.

ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఏదో తగిలింది. ఆగాడు. మళ్లీ తగిలింది. మాడు వాసన! సగం మొహాన నురగతోనే వంటింట్లోకి పరిగెత్తాడు.

"పాలు మాడాయి! అబ్బ, ఎంత బాగా మాడాయో!"

ఆవిడ బిత్తరపోయి చూసింది. ఆయన పట్టలేని సంతోషంలో అంతా చెప్పేశాడు, జలుబు, పోయిన వాసన, దొంగ ఊఁలు, ఇప్పుడు తిరిగొచ్చిన ముక్కు. ఆవిడ పొయ్యి కట్టేసింది.

"అయితే ఇన్నాళ్లూ నా వంట నచ్చి కాదన్నమాట."

"ఈమధ్య నచ్చలేదని నేనెప్పుడన్నానే?"

"నచ్చిందని కూడా అనలేదుగా. ఏమీ అనకపోతే నచ్చిందనుకున్నాను. పిచ్చిదాన్ని."

ఇదే మాట ఆఫీసులో గీతలతో చూపిస్తే చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముక్కాయనకు నిజంగా సిగ్గేసింది. నురగ తుడుచుకుని, కాఫీ కూడా తాగకుండా ఆఫీసుకు బయల్దేరాడు.

ఆరోజు పుచ్చకాయ రమ్ము. మత్తు తక్కువ, రంగు గులాబీ, డబ్బా పొట్టిది. గ్లాసు ఎత్తగానే చిన్నపిల్లల జ్వరం మందు వాసన గుప్పుమంది. దాని అడుగున ఎక్కడో, ఆయన ఏళ్ల తరబడి కాపాడుకున్న పాత పీపా రమ్ము నోరు నొక్కేసినట్టు పడి ఉంది. ఊఁ అంటే కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, లేబులు మీద ఫోటో ఉంటుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"ఊహూఁ," అన్నాడు.

"ఎందుకు సర్?" అంది ట్రెండ్లమ్మ.

"జ్వరం మందులా ఉందమ్మా. నా మాటెందుకు, మీరే ఓ గుక్క తాగి చూడండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ట్రెండ్లమ్మ గోడ మీది గీత వైపు చూసింది. యజమాని అలమరలోంచి బిస్కెట్టు రమ్ము తీసి ఆయన ముందు పెట్టాడు. ఊహూఁ. కాఫీ రమ్ము, ఊహూఁ. కొబ్బరి రమ్ముకైతే మూత తీసీ తీయకముందే ఊహూఁ.

"వీటన్నిటికీ మీరే కదా మాస్టారూ ఊఁ అన్నది!"

"అప్పుడు నాకు ముక్కు పనిచెయ్యలేదు బాబూ. ఇవాళే వాసన తెలుస్తోంది."

యజమాని, ట్రెండ్లమ్మ మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత యజమాని లేచి వచ్చి, ఎంతో ప్రేమగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"అప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది మాస్టారూ. పాడైంది ఇప్పుడే. మంచి డాక్టరుకు చూపించుకోండి. బాగయ్యేదాకా సెలవే. లేబులు మీద ఫోటో ఎలాగూ ఉంది, పని ఆగదులెండి."

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో ఉంది. వేళ కాని వేళ వచ్చిన మొగుణ్ణి చూసి పొద్దుటి కోపం పక్కన పెట్టింది. "ఏమైందండీ?"

"నా ముక్కు పాడైందట."

జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విని, లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఆయన గ్లాసు ఎత్తాడు. ముక్కు ముడతపడింది. వెంటనే సర్దుకుని తాగబోయాడు.

"దాచకండి. ఎలా ఉందో చెప్పండి."

"పొద్దుటి పాలేనా ఇవి? మాడు వాసనేస్తోంది," అన్నాడు భయంభయంగా.

ఆవిడ ఆ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది. ఒక గుక్క తాగింది. నాలుక మీద ఒక్క క్షణం ఉంచుకుని మింగింది.

"నిజమే," అంది. "మాడు."

ముక్కాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కాఫీ తొట్లో పారబోసి, వేరే పాలు పొయ్యి మీద పెట్టింది.

"ఇలా వచ్చి నిలబడండి," అంది. "ఈసారి మాడకముందే చెబుదురుగాని."