తొందరైతే గ్లోరిని అడగండి

మా తిరువూరులో కంప్యూటరు మొరాయిస్తే జనం ముందు దాన్ని ఆపి మళ్ళీ పెడతారు. అప్పటికీ దారికి రాకపోతే ఇంకోసారి ఆపి పెడతారు. ఇక చెడగొట్టడానికేమీ మిగల్లేదని తేలాక, బస్టాండు పక్కన కొట్టు పెట్టుకున్న నాకు ఫోను చేస్తారు. దసరా మర్నాడు పత్తి మిల్లు యజమాని రాజేంద్రప్రసాద్ గారు చేసిన ఫోను కూడా అలాంటిదే.

"అనిల్, మెయిల్ రావట్లేదయ్యా. పొద్దుట్నుంచీ ఆపుతున్నాం, పెడుతున్నాం. సర్వీసు మొదలు కాలేదని ఒకటే చూపిస్తోంది. నువ్వోసారి రావాలి."

ఆ మిల్లుకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. తన బేరాల ముచ్చట్లు బయటివాళ్ళ కంప్యూటర్లలో ఉండటం ఆయనకు గిట్టదు. దాన్ని పెట్టింది జయకర్ అన్న. నాకీ పని నేర్పిందీ ఆయనే. వానలు మొదలయ్యే రోజుల్లో లివరు జబ్బుతో పోయాడు. ఆయన భార్య గ్లోరి వదిన అదే ఆఫీసులో బిల్లులు టైపు చేస్తుంది.

నేను వెళ్ళేసరికి సర్వర్ మీద కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ. పక్కనున్న బ్యాటరీ పూర్తిగా అయిపోయి, ఇప్పుడిప్పుడే ఛార్జి ఎక్కుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"నిన్న మెయిన్ ఆపారా?"

"ఆయుధ పూజ కదయ్యా. మిషన్లన్నిటికీ ఒకరోజు విశ్రాంతి. ఏటా చేసేదేగా" అన్నారు రాజేంద్రప్రసాద్ గారు.

ఏటా చేసేదే. కానీ ఏటా జయకర్ అన్న యజమాని భార్య పద్మజ గారి పక్కన నిలబడి, "అమ్మా, దీనికి బొట్టు పెట్టండి, దండ వేయండి. ఆపడం మాత్రం వద్దు" అనేవాడు. జనరేటరు నుంచి విడిగా ఒక వైరు లాగి సర్వర్‌ను నడిపించేవాడు. ఈసారి ఆ మాట అనే మనిషి లేడు. బ్యాటరీ ఉన్నంతసేపూ నడిచి, ఏదో రాసుకుంటున్న సర్వర్ పని మధ్యలోనే ఆరిపోయింది.

"వదినా, నీకు తెలుసు కదా!" అన్నాను.

గ్లోరి వదిన తల వంచుకుంది. "తెలుసు అనిల్. నోటిదాకా వచ్చింది. అమ్మగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. చర్చికి వెళ్ళేదాన్ని, పూజ దగ్గర వద్దు అని ఎట్లా అనను? అడ్డం పడిందనుకుంటారని ఊరుకున్నాను."

"అయ్యో, ఒక్క మాట అంటే సరిపోయేది కదమ్మా! మేమేమన్నా అనుకుంటామా? జయకర్ ఇన్నేళ్ళూ చెప్పలేదా?" అన్నారు రాజేంద్రప్రసాద్ గారు.

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే ఆ మాట ఆవిడకు మరీ గట్టిగా తగిలింది. "ఆయన చెప్తే వేరండీ" అని మాత్రం అంది.

పత్తి ట్రాక్టర్లు వచ్చాయని గేటు దగ్గర కేకలు వినిపించి యజమాని అటు వెళ్ళారు. నేను సర్వర్ ముందు కూర్చున్నాను. అది చేసిన ప్రతి పనీ వరుసగా రాసి పెట్టుకుంటుంది కాబట్టి, ఎక్కడ పడిపోయిందో చూస్తే తెలుస్తుంది. మొదలవుతూనే అందరి మెయిల్ పెట్టెలూ ఒక్కొక్కటే తెరుస్తోంది. యజమానిది తెరిచింది. గుమాస్తాలవి తెరిచింది. జయకర్ అన్న పెట్టె దగ్గరికి వచ్చి తెరవలేక కూలబడుతోంది. కరెంటు పోయిన క్షణంలో ఆ పెట్టెలోనే ఏదో రాస్తోంది. అది సగంలో విరిగిపోయింది.

చనిపోయిన మనిషికి పండగపూట మెయిల్ ఎవరు పంపారని చూశాను. పంపింది గ్లోరి. పైకి జరిపాను. ముందు రోజు గ్లోరి. అంతకుముందు రోజూ గ్లోరి. చూడటం ఆపి ఆవిడ వైపు తిరిగాను.

"వదినా, అన్నకు మెయిల్ పెడుతున్నావా?"

ఆవిడ ముందు తలుపువైపు చూసింది. "నవ్వొద్దు. ఆసుపత్రికి వెళ్తూ ఆయన, ఎవరు మెయిల్ పెట్టినా దానంతటదే వెళ్ళే ఆటోమేటిక్ జవాబు పెట్టి వెళ్ళారు. పోయాక ఒకరోజు పొరపాటున ఆయనక్కూడా బిల్లు పంపితే, ఆయన పేరుతో జవాబొచ్చింది. అప్పట్నుంచీ పొద్దున్నే ఏదో ఒకటి రాస్తున్నా. ఫలానా కూర వండానని, పంపు చెడిందని."

"ఏమని వస్తుంది?"

"ఆసుపత్రి పని మీద వెళ్తున్నాను, తిరిగొచ్చాక మాట్లాడతాను, తొందరైతే గ్లోరిని అడగండి, అని." కొంచెం నవ్వింది. "నాకే చెప్తాడు, గ్లోరిని అడగమని. తిరిగొస్తానని రాసి ఉంటుంది కదా అనిల్. అది చదివితే గానీ నాకు పని మొదలవదు."

సమాధి దగ్గర కూడా ఏడవని మనిషని మా వీధిలో ఆవిణ్ణి ఆడిపోసుకున్నారు. ఆ నోళ్ళన్నీ పట్టుకొచ్చి ఆ గదిలో నిలబెట్టాలనిపించింది.

ఆ పెట్టెను బాగు చేయడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. బ్యాకప్ డిస్కు తెచ్చి పెడితే అదీ తెరుచుకోలేదు. అన్న మంచాన పడ్డాక దాన్ని ముట్టుకున్నవాడు లేడు. విజయవాడలో ఉన్న మా సురేష్ బాబు ఇలాంటి వాటిలో ఘటికుడు. ఫోను చేసి అడిగితే, "ఆ ఒక్క పెట్టె తీసేస్తే మిగతావన్నీ లేస్తాయి, లేకపోతే ఏదీ లేవదు" అన్నాడు. నాకూ ఆ సంగతి తెలుసు. పెట్టెతోపాటు ఆ జవాబూ పోతుందనీ తెలుసు. తెలిసే, ఇంకొకడు కాదంటాడేమోనని అడిగాను.

భోజనాల వేళ దాటాక రాజేంద్రప్రసాద్ గారు మళ్ళీ వచ్చారు. "కొనేవాళ్ళు రేట్లు పంపమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారయ్యా. ఎక్కడ ఆగింది?"

చెప్పాను.

"పోయినవాడిదే కదా, తీసెయ్..." అని, వదిన ముఖం చూసి ఆగిపోయారు. ఆవిడ రాసే మెయిళ్ళ గురించి ఆయనకేమీ తెలియదు. అయినా గొంతు తగ్గించి, "రేపటిదాకా చూద్దాంలే" అన్నారు. ఆయన కళ్ళు మాత్రం ఫోను మీదే ఉన్నాయి.

"వద్దు సార్. తీసెయ్ అనిల్" అంది గ్లోరి వదిన.

ఆయన బయటికి వెళ్ళాక బతిమాలుతున్నట్టే అన్నాను. "అన్న పేరుతోనే కొత్త పెట్టె పెడతాను వదినా. అవే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. రోజూ వస్తుంది."

"అది నువ్వు రాసినట్టవుతుంది. ఆయన రాసినట్టు కాదు" అంది.

తీసేశాను. సర్వీసు ఒక్కసారికే లేచింది. ఆఫీసులో ఫోన్లన్నీ టింగుటింగుమన్నాయి. గుమాస్తాలు "వచ్చేసింది, వచ్చేసింది" అని కేకలు పెట్టారు. ఎవరో టీ తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్ళ సంతోషం చూస్తే నాకు కోపం వచ్చింది. వాళ్ళ తప్పేమీ లేదని తెలుసు, అయినా వచ్చింది.

బయల్దేరుతుంటే వదిన గేటు దాకా వచ్చింది. "పండగనాడు పూజ అయ్యి ఇంటికి వెళ్ళాక ఫోన్లో పెట్టాను. అది వెళ్తుండగానే పోయిందా? నా మెయిల్ వల్లే చెడిందా?"

"కాదు వదినా. కరెంటు వల్ల."

ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. నేను మాత్రం ఆవిడ ముఖంలోకి చూడలేక బండి స్టార్టు చేశాను.

మర్నాడు కొట్టు తెరుస్తుంటే ఫోను వచ్చింది.

"అనిల్, తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. పొద్దున్నే మెయిల్ పెట్టాను. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని వెనక్కి వచ్చింది. నేనే అడ్రసు తప్పు కొట్టానేమో, ఒక్కసారి విను."

ఒక్కో అక్షరమే చదవడం మొదలుపెట్టింది. సగంలో ఏడ్చేసింది. ఏడుస్తూనే మిగతావి కూడా చదివింది. ఆఖరి అక్షరం దాకా విన్నాను.

"సరిగ్గానే ఉంది వదినా" అన్నాను.